కౌన్సెలింగ్‌లో క్లయింట్‌కు మేలు చేస్తూ మీరు అలసిపోకుండా ఉండడం ఎలా: తిరుపతి, చిత్తూరు కౌన్సెలర్లకు ఒక ఆచరణ మార్గం

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో కౌన్సెలింగ్ చేసేవారిలో చాలామంది ఒంటరిగా పనిచేస్తున్నారు. ఒకరు కాలేజీ హాస్టల్లో, ఒకరు నర్సింగ్ హోమ్ మేడమీద చిన్న గదిలో, ఇంకొకరు కుటుంబ తగాదాలు చూసే కేంద్రంలో ఉంటారు. పక్కన సలహా అడగడానికి అదే వృత్తిలో ఉన్న మరో మనిషి ఉండరు. చదువు ముగించి రెండు మూడేళ్ళు ఉత్సాహంగా పనిచేసినవారు ఆ తర్వాత నీరసపడి, బ్యాంకు పరీక్షలకో టీచరు ఉద్యోగానికో మళ్ళడం ఇక్కడ తరచుగా కనిపిస్తోంది. జాలిగుండె ఉన్నవారు ఈ పనిలో నిలవలేరని అందరూ అంటారు కానీ, నేను ఆ మాట ఒప్పుకోను. క్లయింట్ తీసుకోవలసిన నిర్ణయాలను కూడా తామే నెత్తిన వేసుకున్నవారు, తమ హద్దులేమిటో ముందుగా చెప్పనివారు త్వరగా అలసిపోతారు. క్లయింట్ కూడా అలాంటివారి దగ్గర బాగుపడరు. మంచి కౌన్సెలింగ్ చేసే పద్ధతే కౌన్సెలర్‌ను కూడా కాపాడుతుంది. కింద రాసినవన్నీ ఈ నమ్మకం మీద ఆధారపడినవే.

మొదటి సెషన్‌కు ముందే ఒప్పందం రాసి పెట్టుకోండి

ఒక పేజీకి మించని ఒప్పందపత్రాన్ని సులువైన తెలుగులో తయారు చేసుకోండి. చిత్తూరు, నగరి, కుప్పం వైపు నుంచి వచ్చేవారిలో తమిళం మాత్రమే చదవగలిగినవారు ఉంటారు కాబట్టి తమిళ ప్రతి కూడా దగ్గర పెట్టుకోవడం మంచిది. సెషన్ ఎంతసేపు (సాధారణంగా 50 నిమిషాలు), ఆలస్యంగా వస్తే ఏమవుతుంది, ఫీజు ఎంత, రాలేకపోతే ఎప్పటిలోగా చెప్పాలి, ఫోన్ ఎప్పుడు చేయవచ్చు అన్న విషయాలు అందులో ఉండాలి. చదవలేనివారికి మీరే చదివి వినిపించండి.

ఫీజు విషయంలో మొహమాటపడకండి. మన ఊళ్ళలో "మాట్లాడినందుకు డబ్బులా?" అనేవారు ఇంకా ఉన్నారు. వారికి జంకి ఫీజు అడగకుండా నెలల తరబడి పనిచేస్తే, ఆ క్లయింట్ పేరు డైరీలో చూడగానే చిరాకు కలిగే రోజు వస్తుంది. ఇచ్చుకోలేనివారి కోసం వారానికి ఒకటో రెండో సెషన్లు తక్కువ ఫీజుకో ఉచితంగానో ముందే కేటాయించుకొని, మిగిలినవారి దగ్గర నిర్ణయించిన ఫీజు తీసుకోండి.

గోప్యత గురించి చెప్పేటప్పుడు దాని పరిమితులను కూడా చెప్పండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ మానసిక అనారోగ్యం ఉన్నవారికి గోప్యత హక్కును ఇచ్చింది. ప్రాణాపాయం ఉన్నప్పుడు, ఇతరులకు హాని జరగబోతున్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు సమాచారం ఇవ్వవచ్చని కూడా అదే సెక్షన్ చెబుతోంది. పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం, 2012లోని 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. ఈ సంగతి మొదటి రోజే చెప్పకుండా, ఒక అమ్మాయి మిమ్మల్ని నమ్మి అంతా చెప్పిన తర్వాత చెబితే, ఆ పిల్ల మోసపోయానని అనుకుంటుంది. ఆ చూపును మీరు చాలాకాలం మరిచిపోలేరు.

ఫోన్ విషయానికి వద్దాం. రాత్రి పదకొండు గంటలకు "మేడమ్, పడుకున్నారా?" అని వాట్సాప్‌లో సందేశం వస్తుంది. దానికి ఒక్కసారి జవాబిస్తే, జవాబు రాని మరుసటి రాత్రి క్లయింట్‌కు తిరస్కారంలా తోస్తుంది. వృత్తికి వేరే నంబరు పెట్టుకొని, సాయంత్రం ఏడు తర్వాత అందులో ఆటోమేటిక్ జవాబు వెళ్ళేలా ఏర్పాటు చేసుకోండి. ఆ జవాబులో మీరు మళ్ళీ ఎప్పుడు అందుబాటులో ఉంటారో, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో రాయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416 రాత్రింబవళ్ళు ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. దానితోపాటు 112, 108 నంబర్లు కూడా ఇవ్వండి. మీరు నిద్రపోతున్న సమయంలో కూడా క్లయింట్‌కు ఒక దారి తెరిచి ఉందన్న నిశ్చింత మీ నిద్రకు ఎంతో అవసరం.

తిరుపతి ఎంత పెరిగినా, మనుషులు ఒకరికొకరు ఎదురుపడే ఊరే. గాంధీ రోడ్డులో బట్టల కొట్లోనో, తిరుచానూరు గుడి క్యూలోనో, ఎవరి పెళ్ళిలోనో క్లయింట్ కనిపిస్తారు. "బయట కనిపిస్తే నేనుగా పలకరించను, మీరు పలకరిస్తే మామూలుగా మాట్లాడతాను, ఇక్కడి విషయాలు మాత్రం అక్కడ ఎత్తను" అని మొదటి రోజే చెబితే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

మన ఊరికే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. క్లయింట్ కొండకు వెళ్ళొచ్చి లడ్డూ ప్రసాదం తెస్తారు. దాన్ని వద్దనడం మర్యాద కాదు. కొంచెం తీసుకొని కళ్ళకద్దుకోండి, మిగతాది వారింటికే పంపండి. కానీ దర్శనం టికెట్లు ఇప్పిస్తామన్నా, కొండమీద గది ఇప్పిస్తామన్నా సున్నితంగా, స్పష్టంగా కాదనండి. హైదరాబాదు నుంచి వచ్చే తమ చుట్టాలకు దర్శనం ఏర్పాటు చేయమని క్లయింట్ మిమ్మల్ని అడిగినా అదే జవాబు చెప్పండి. అలాంటి సాయం ఒకటి చేశాక, క్లయింట్‌తో కష్టమైన మాట చెప్పవలసి వచ్చినప్పుడు నోరు రాదు.

క్లయింట్ ఎవరో ముందు తేల్చుకోండి

ఇక్కడ గదిలోకి ఒక్కరే రావడం అరుదు. తల్లి, తండ్రి, మేనమామ, ఒక్కోసారి పక్కింటివారు కూడా వస్తారు. ఎవరి కోసం పనిచేస్తున్నారో మీకే స్పష్టత లేకపోతే, ఆ గదిలో ఉన్న అందరి కోరికలనూ మీరే మోయవలసి వస్తుంది.

ఒక సందర్భాన్ని ఊహించుకోండి. పీలేరు దగ్గరి పల్లె నుంచి పదిహేడేళ్ళ అబ్బాయిని తీసుకొని తల్లిదండ్రులు వచ్చారు. నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్ మధ్యలో మానేసి ఇంటికి వచ్చేశాడు. గుండె దడ అంటాడు, అన్నం తినడు. తల్లి కూర్చోకముందే మొదలుపెడుతుంది: "మీరే కాస్త గట్టిగా చెప్పండి మేడమ్. మా మాట వినడు, మీరు చెప్తే వింటాడు."

ఈ మాటకు లొంగిపోయి ఉపన్యాసం మొదలుపెడితే, తల్లి చేయలేని పనిని మీరు చేసిపెడతానని ఒప్పుకున్నట్టే. దానికి బదులు ఇలా అనవచ్చు: "అమ్మా, వాడి గురించి మీరెంత దిగులుపడుతున్నారో తెలుస్తోంది. ముందు మీరు చెప్పేది పది నిమిషాలు వింటాను. తర్వాత బాబుతో ఒంటరిగా మాట్లాడతాను. నాతో చెప్పినవన్నీ మీకు చెప్పను. ప్రాణానికి ముప్పనిపిస్తే మాత్రం తప్పకుండా చెప్తాను." ఈ మాటలను అబ్బాయి వింటుండగానే అనాలి. పద్దెనిమిది నిండనివారికి తల్లిదండ్రుల అంగీకారం కావాలి కాబట్టి, ఆ సంతకం కూడా అప్పుడే తీసుకోండి.

ఇప్పుడు గదిలో అబ్బాయి ఒక్కడే ఉన్నాడు. నేల చూస్తున్నాడు. మీరు ప్రశ్నలు గుప్పించకండి.

"నీకు ఇక్కడికి రావడం ఇష్టం లేదేమో."

"మా అమ్మ ఏడుస్తా ఉంటే వచ్చినా."

"అమ్మ ఏడవడం చూడలేకపోయావు."

కాసేపు మౌనం. తర్వాత, "ఫీజు అప్పు జేసి కట్టినారు మేడమ్."

ఇక్కడే కొత్త కౌన్సెలర్లు తొందరపడతారు. "ఫీజు సంగతి నువ్వు ఆలోచించకు, నీ ఆరోగ్యమే ముఖ్యం" అంటారు. ఆ మాటలో దయ ఉంది, కానీ అబ్బాయి ఇంకా చెప్పాలనుకున్నది అక్కడితో ఆగిపోతుంది. "ఆ అప్పు నీ మీద బరువుగా ఉంది" అని ఆగి చూడండి. అప్పు ఎంతో, ఎవరి దగ్గర తెచ్చారో, వారపు పరీక్షలో మార్కులు తగ్గిన రోజు రాత్రి హాస్టల్లో ఏం జరిగిందో అతనే చెప్పుకుంటూ వస్తాడు. మీరు మాట్లాడింది మూడు వాక్యాలు. పని చేసింది అతను. సెషన్ ముగిసేసరికి అతనికి కాస్త తేలికగా ఉంటుంది, మీ గొంతు కూడా ఎండిపోదు.

అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957లో ఒక వ్యాసంలో మార్పు రావడానికి కౌన్సెలర్ వైపు నుంచి కావలసినవి చెప్పాడు. ఎదుటివారి అనుభవాన్ని వారి కళ్ళతో అర్థం చేసుకోవడం, షరతులు పెట్టకుండా గౌరవించడం, నటన లేకుండా ఉండడం అందులో ముఖ్యమైనవి. వీటిలో ఎక్కడా "సమస్యను పరిష్కరించిపెట్టడం" లేదు.

సలహా ఇవ్వాలన్న తొందరను అదుపులో పెట్టండి

"మీరెలా చెప్తే అలా చేస్తాను మేడమ్" అన్న మాట వినడానికి బాగుంటుంది. భర్త కొడుతున్నాడని వచ్చిన ఆమె పుట్టింటికి వెళ్ళాలా వద్దా అని మిమ్మల్ని నిర్ణయించమంటుంది. మీరు వెళ్ళమంటే, అక్కడ వదినతో పడక తిరిగివచ్చినప్పుడు తప్పు మీదవుతుంది. వెళ్ళవద్దంటే, ఆ రాత్రి ఏం జరుగుతుందోనన్న భయంతో మీకు నిద్ర ఉండదు. చేయవలసిన పని వేరే ఉంది. ముందు ఆమె భద్రతను చూడండి: ఈ రాత్రికి ఇంట్లో ప్రమాదం ఉందా, పిల్లలు ఎక్కడున్నారు, వెంటనే వెళ్ళగలిగే ఇల్లు ఉందా అని అడగండి. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి వన్ స్టాప్ సెంటర్ గురించి చెప్పండి. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోరవచ్చని తెలపండి. ఆ తర్వాత ఆమె ముందున్న దారులన్నిటినీ కాగితం మీద రాయించి, ఒక్కొక్క దారిలో లాభం, కష్టం ఆమె చేతే చెప్పించండి. దారులు చూపడం మీ పని, అందులో ఒకదాన్ని ఎంచుకోవడం ఆమె హక్కు.

తాగుడు మానాలని భార్య లాక్కొచ్చిన భర్త విషయంలోనూ అంతే. వాదించేకొద్దీ అతను తన తాగుడును సమర్థించుకుంటాడు. విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించి, తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి విస్తరించిన ప్రేరణాత్మక సంభాషణ పద్ధతి ఈ గమనిక మీదే నిలబడింది: మారడానికి కారణాలు కౌన్సెలర్ నోటి నుంచి కాక, క్లయింట్ నోటి నుంచి రావాలి. "తాగుడు వల్ల మీకు నచ్చనిదేమైనా జరిగిందా?" అని అడిగి ఓపికగా వినండి.

మొదటి సెషన్ చివర్లో ఒక ప్రశ్న తప్పక అడగండి: "నెల తర్వాత ఏం మారితే ఇక్కడికి రావడం ఉపయోగపడిందని మీరనుకుంటారు?" జవాబును వారి మాటల్లోనే రాసుకోండి. "రాత్రి పూట నిద్ర పట్టాలి", "అత్తతో ఒక పూటైనా అరుచుకోకుండా ఉండాలి" వంటి చిన్న లక్ష్యాలు చాలు. నిరాశ (డిప్రెషన్) లక్షణాలున్నవారికి తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ పత్రాన్ని రెండు మూడు వారాలకొకసారి ఇస్తే, 0 నుంచి 27 వరకు ఉండే ఆ స్కోరు మార్పును ఇద్దరికీ చూపిస్తుంది. మార్పు కంటికి కనిపించని పనిలో ఉన్నవారికి తమ శ్రమ వృథా అనిపించడం సహజం, ఆ దిగులుకు ఈ కాగితమే మంచి మందు.

మనవాళ్ళు మనసు బాధను ఒంటి బాధగా చెబుతారు. తలభారం, గుండె దడ, కాళ్ళు లాగడం, ఒళ్ళు మంట అంటారు. వాటిని కొట్టిపారేయకుండా ముందు డాక్టరుకు చూపించి, రక్తహీనత, థైరాయిడ్ వంటివి లేవని నిర్ధారించుకోమనండి. దిష్టి తగిలిందనో గాలి సోకిందనో నమ్మేవారితో వాదానికి దిగకండి. తాయెత్తు కట్టించుకున్నా, మొక్కు మొక్కుకున్నా అది వారికి ధైర్యం ఇస్తుంటే ఉండనివ్వండి. మందులు మాన్పించేవరకు వస్తే మాత్రం గట్టిగా మాట్లాడండి.

ప్రాణాపాయం ఉన్నప్పుడు

ఈ భాగాన్ని నిదానంగా చదవండి. కౌన్సెలర్లను లోలోపల తినేసే భయం ఇదే.

అనుమానం వస్తే సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదు, చాలామందికి అడిగినవారు దొరికారన్న ఊరట కలుగుతుంది. అవునంటే, ఎప్పటి నుంచి, ఎలా అని ఆలోచించారా, అందుకు కావలసినవి అందుబాటులో ఉన్నాయా, ఇంతకుముందు ప్రయత్నించారా అని ఒక్కొక్కటిగా అడగండి. ప్రయత్నించినట్టు బయటపడితే పోలీసు కేసు అవుతుందని కుటుంబాలు భయపడి దాస్తాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ వారికి చెప్పండి. ఆ ఒక్క మాటతో ఎంతోమంది ఆసుపత్రికి కదులుతారు.

తర్వాత క్లయింట్‌తో కలిసి భద్రతా ప్రణాళిక రాయండి. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించిన నమూనాలో ఆరు భాగాలు ఉంటాయి: ఆ ఆలోచన రాబోతోందని తెలిపే గుర్తులు, తనకు తానుగా చేసుకోగలిగిన పనులు, మనసు మళ్ళించే మనుషులు లేదా చోట్లు, సాయం అడగగలిగిన ఆత్మీయులు, ఫోన్ చేయవలసిన వైద్యులు, పరిసరాలను సురక్షితం చేయడం. చివరిది మన పల్లెల్లో అన్నిటికన్నా ముఖ్యం. మామిడి తోటలకు, టమాటా పైరుకు కొన్న పురుగుమందు డబ్బాలు ఇంట్లోనే అటక మీద ఉంటాయి. వాటిని ఆ రోజే వేరే చోటికి తరలించమని కుటుంబసభ్యుల్లో ఒకరికి స్పష్టంగా అప్పగించండి. కాగితాన్ని ఫోటో తీసి క్లయింట్ ఫోన్‌లో ఉంచమనండి.

తక్షణ ప్రమాదం ఉందనిపిస్తే క్లయింట్‌ను ఒంటరిగా వదలకండి. కుటుంబాన్ని పిలిపించి, తోడిచ్చి ఆసుపత్రికి పంపండి. ఏం అడిగారో, ఏం విన్నారో, ఏం చేశారో అదే రోజు రాసి పెట్టండి. ఆ సాయంత్రం తోటి కౌన్సెలర్‌కు ఫోన్ చేసి, పేరు చెప్పకుండా జరిగినదంతా వివరించండి.

ఇన్ని చేసినా ఒక క్లయింట్ చనిపోవచ్చు. ఈ వృత్తిలో ఎక్కువకాలం ఉన్నవారిలో కొందరికి ఈ దుఃఖం తప్పదు. అలాంటప్పుడు రెండు మూడు రోజులు ప్రమాదస్థితిలో ఉన్న కొత్త క్లయింట్లను తీసుకోకండి. మీరు రాసుకున్న నోట్సును ఒంటరిగా పదే పదే చదువుతూ కూర్చోకుండా, అనుభవజ్ఞులైన మరొకరితో కలిసి ఒకసారి చదవండి. ఏడుపు వస్తే ఏడవండి. ఆ మనిషి కోసం మీరు చేసిన పని అబద్ధమైపోదు.

మీ చేతిలో లేనివాటిని పంపవలసినచోటికి పంపండి

చెవిలో మాటలు వినిపిస్తున్నాయనేవారిని, రోజుల తరబడి నిద్ర లేకుండా ఉత్సాహంతో ఊగిపోయేవారిని, తాగుడు మానగానే చేతులు వణికేవారిని మీ దగ్గరే ఉంచుకోకండి. తిరుపతిలో రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు వారికి వేలూరు దగ్గర, అక్కడి బాగాయంలో క్రైస్తవ వైద్య కళాశాల వారి మానసిక ఆరోగ్య కేంద్రం ఉంది. ఉత్తరం రాసి చేతికివ్వండి, తర్వాత వారానికి ఒకసారి ఫోన్ చేసి వెళ్ళారో లేదో కనుక్కోండి. "నా వల్ల కాదు" అనే బదులు "దీనికి మందు కూడా అవసరం, మందుతోపాటు మన మాటలూ కొనసాగుతాయి" అనండి. మానసిక వైద్యుడి పేరెత్తగానే "పిచ్చాసుపత్రికా?" అని బిక్కముఖం వేసేవారికి ఆ మాట ఎంతో సాంత్వన.

ఇద్దరు క్లయింట్ల మధ్య పది నిమిషాలు

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. సెషన్ యాభై నిమిషాలకు ముగిసిందంటే మిగిలిన పది నిమిషాలు మీవి. మొదట నోట్సు రాయండి: ఏం జరిగింది, ఏం నిర్ణయించుకున్నారు, వచ్చేసారి దేనితో మొదలుపెట్టాలి. ఐదారు వాక్యాలు చాలు. రాసి ఫైలు మూసి బీరువాలో పెట్టండి. లేచి నీళ్ళు తాగి, కిటికీ దగ్గర నిలబడి శేషాచలం కొండలవైపు కాసేపు చూడండి. దూరపు వస్తువు మీద చూపు నిలిపితే కంటి కండరాలు సడలుతాయి. తర్వాతి క్లయింట్ వచ్చేసరికి మునుపటి క్లయింట్ గదిలో ఉండకూడదు.

వారాన్ని, ఏడాదిని ముందే గీసుకోండి

నా అనుభవంలో రోజుకు ఐదుగురికి మించితే ఆరో మనిషికి న్యాయం జరగదు. ఆ ఐదుగురిలో కూడా తీవ్రమైన మానసిక గాయాలతో వచ్చినవారు ఇద్దరికి మించకుండా, వారిని వరుసగా కాకుండా ఏర్పాటు చేసుకోండి. మధ్యాహ్న భోజనానికి నలభై నిమిషాలు డైరీలో క్లయింట్ పేరులాగే రాయండి, అప్పుడే అది నిలుస్తుంది.

మన దగ్గర పనికి ఋతువులున్నాయి. ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు, ఆ తర్వాత ఈఏపీసెట్, నీట్ ఫలితాలు వస్తాయి కాబట్టి, జూన్ దాకా పిల్లలు, తల్లిదండ్రులు గుంపులుగా వస్తారు. ఆ నెలల్లో ప్రతి రోజూ ఒక గంట ఖాళీగా ఉంచండి. ముందు చెప్పకుండా వచ్చే అత్యవసర కేసు దానిలోకి వెళ్తుంది, రాకపోతే ఆ గంట మీకు విశ్రాంతి. పెళ్ళిళ్ళు, సొంత సెలవులు ఆ నెలల్లో పెట్టుకోకండి. ఫలితాల రద్దీ తగ్గాక వారం రోజులు తప్పక తీసుకోండి. బ్రహ్మోత్సవాల రోజుల్లో ట్రాఫిక్ వల్ల సగం మంది ఆలస్యంగా వస్తారు, అప్పుడు ఫోన్ ద్వారా సెషన్లు పెట్టుకుంటే ఇద్దరికీ విసుగు తప్పుతుంది.

అలసట గుర్తులను పసిగట్టండి

న్యూయార్క్‌లో మనస్తత్వవేత్త అయిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో స్వచ్ఛంద క్లినిక్ సిబ్బందిలో కనిపించిన ఈ స్థితి (బర్నౌట్) గురించి రాశాడు. క్రిస్టినా మాస్లాక్ 1981లో దాన్ని కొలిచే ప్రశ్నావళిని తోటి పరిశోధకురాలితో కలిసి ప్రచురించారు. ఆమె చెప్పిన మూడు ముఖాలు ఇవి: భావోద్వేగాలు ఎండిపోవడం, ఎదుటివారిని మనుషులుగా కాక కేసులుగా చూడడం, తాను చేస్తున్నదంతా వ్యర్థమనిపించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ పదకొండో సంచికలో దీన్ని జబ్బుగా కాక, సరిగా నిర్వహించని పని ఒత్తిడి వల్ల వచ్చే వృత్తిసంబంధమైన స్థితిగా పేర్కొంది.

మనం మాట్లాడుకునే భాషలో అది ఇలా కనిపిస్తుంది. క్లయింట్ రావడం లేదని ఫోన్ వస్తే ప్రాణం లేచొచ్చినట్టు అనిపిస్తుంది. ఎదుటి మనిషి ఏడుస్తుంటే గోడ గడియారం వైపు చూపు పోతుంది. "వీళ్ళు మారరు" అన్న మాట నోటికి అలవాటవుతుంది. ఇంట్లో పిల్లలు ఏదైనా చెప్పబోతే "తర్వాత చెప్పు" అంటారు. ఆదివారం సాయంత్రం కడుపులో ఏదో తిప్పినట్టు ఉంటుంది. ఇందులో ఒకటి ఒక వారం కనిపిస్తే విశ్రాంతి తీసుకోండి. రెండు మూడు కలిసి నెల దాటి ఉంటే, కొత్త క్లయింట్లను ఆపి, మీరే మరొక కౌన్సెలర్ దగ్గరకు వెళ్ళండి. తోడుగా నిద్ర పట్టకపోవడం, ఏ పనిలోనూ సంతోషం లేకపోవడం ఉంటే అది నిరాశ వ్యాధి కావచ్చు, డాక్టరును కలవాలి.

హింస, అత్యాచారం కథలు పదే పదే వినేవారికి ఇంకొక రకం గాయం కూడా అవుతుంది. విన్న దృశ్యాలు కలలో రావడం, సొంత కూతురిని బయటికి పంపడానికి భయపడడం దాని గుర్తులు. ఛార్లెస్ ఫిగ్లీ 1990లలో కరుణ అలసట అని వర్ణించినది దీనికి దగ్గరిదే. దానికి సెలవు ఒక్కటే చాలదు, విన్నదాన్ని ఎవరితోనైనా మాట్లాడి దింపుకోవాలి.

తోటివారి బృందాన్ని కట్టుకోండి

అందుకే నెలకొకసారి నలుగురైదుగురు కౌన్సెలర్లు కలవండి. తిరుపతిలో ఉన్నవారు, శ్రీకాళహస్తి, చిత్తూరు నుంచి రాగలిగినవారు ఒక ఆదివారం పొద్దున రెండు గంటలు కేటాయించండి. యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్ర విభాగంలో మీకు చదువు చెప్పినవారిని ఒకరిని పెద్దగా ఉండమని అడగండి, చాలామంది కాదనరు. నియమాలు కొన్ని చాలు: పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు చెప్పకూడదు, ఒకరు కేసు చెబుతుంటే మిగిలినవారు ఉపదేశాలు ఇవ్వకూడదు, ముందు "ఈ కేసు మీకు ఎక్కడ తగిలింది?" అని అడగాలి. ఈ ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పగలిగితే సగం బరువు దిగుతుంది. భర్తను పోగొట్టుకున్న కౌన్సెలర్‌కు విధవరాలి కేసు ఎందుకంత భారంగా ఉందో ఆమెకే అప్పుడు అర్థమవుతుంది.

ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. ఇష్టమైనవారు అలిపిరి మెట్ల దగ్గర పొద్దున నడుస్తారు, మరికొందరు ఇంట్లో మొక్కలు పెంచుకుంటారు. ఏదైనా సరే, అందులో ఎవరి కష్టాన్నీ వినవలసిన అవసరం లేకుండా ఉంటే చాలు.

యాజమాన్యంతో రాతపూర్వకంగా మాట్లాడండి

అలసటకంతటికీ కౌన్సెలర్ మనస్తత్వమే కారణమని నమ్మకండి. మాస్లాక్, మైకేల్ లైటర్ కలిసి చేసిన పరిశీలనల్లో ఆరు కారణాలు ముందుకు వచ్చాయి: పని భారం, పనిపై అదుపు లేకపోవడం, తగిన గుర్తింపు లేకపోవడం, తోటివారితో బంధం తెగడం, అన్యాయం, విలువల ఘర్షణ. వీటిలో చాలావరకు యాజమాన్యం చేతిలో ఉంటాయి. వేలమంది పిల్లలున్న కాలేజీలో ఒక్క కౌన్సెలర్‌ను పెట్టి, ఆ ఒక్కరికీ అడ్మిషన్ల ప్రచారం, పరీక్ష డ్యూటీ వేస్తే, ఎంత యోగా చేసినా ఫలితం ఉండదు.

కాబట్టి నెలాఖరున ఒక పేజీ నివేదిక ఇవ్వండి. ఎంతమందిని చూశారు, ఎంతమంది వరుసలో ఎదురుచూస్తున్నారు, కౌన్సెలింగ్ కాని పనులకు ఎన్ని గంటలు పోయాయి అన్న అంకెలు రాయండి, పేర్లు రాయకండి. దాని కింద రెండు కోరికలే పెట్టండి: మాటలు బయటికి వినిపించని గది, మరొక మనిషి. ప్రిన్సిపాల్ గారు ఒక విద్యార్థి ఏం చెప్పాడో చెప్పమని అడిగితే, "సార్, ప్రాణాపాయం ఉంటే నేనే ముందుగా మీకు చెప్తాను, మిగిలినవి చెప్పడానికి నాకు అధికారం లేదు" అని మర్యాదగా, కాగితం మీద ఉన్న నియమాన్ని చూపిస్తూ చెప్పండి. ఈ మాట ఒకసారి నిలబెట్టుకుంటే పిల్లల్లో మీ మీద నమ్మకం పెరుగుతుంది.

సెలవు తీసుకునేటప్పుడు

సెలవు పెడుతున్న సంగతి క్లయింట్లకు కనీసం రెండు వారాల ముందు చెప్పండి. కారణం వివరించనవసరం లేదు, తిరిగి వచ్చే తేదీ మాత్రం కచ్చితంగా చెప్పాలి. ప్రమాదస్థితిలో ఉన్నవారి జాబితాను, వారి అనుమతితో, బృందంలోని ఒక కౌన్సెలర్‌కు అప్పగించి, వీలైతే ఇద్దరినీ ఒకసారి కలిపించండి. ఆ కౌన్సెలర్ పేరు, ఫోన్ చేయవలసిన వేళలు రాసిన చీటీ క్లయింట్ చేతికివ్వండి. వృత్తి ఫోన్‌ను ఆపి ఇంట్లో వదిలేయండి. తిరిగి వచ్చిన రోజున ఇద్దరు ముగ్గురినే చూసి, మిగిలిన సమయాన్ని మీరు లేనప్పుడు రాసిన నోట్సు చదవడానికి, ఆ తోటి కౌన్సెలర్‌తో మాట్లాడడానికి ఉంచుకోండి.